ఎవరూ లేరన్న సర్వరు

ఆ వారంలో కుప్పం నుంచి నందిని ఫోన్ చేయడం అది మూడోసారి. సుధారాణి అప్పుడు మదనపల్లెలో, తాను పనిచేసే కాలేజీ కంప్యూటర్ ల్యాబులో, ముప్ఫైమంది విద్యార్థుల మధ్య నిలబడి ఉంది. సెల్‌ఫోన్ మీద ఆ పేరు కనబడగానే ఆమె ప్రాణం ఉసూరుమంది. వరండాలోకి వచ్చి ఫోన్ ఎత్తింది.

"మేడమ్, మళ్లీ రాలా. తిరుగుతానే ఉండాది, పేజీ తెరుసుకోలా," అంది నందిని. ఆమె కుప్పంలో ఒక ఆసుపత్రిలో నర్సు. ఆ గొంతులో కోపం లేదు, అలవాటైపోయిన నీరసం ఉంది. సుధారాణికి కోపంకన్నా అదే ఎక్కువ గుచ్చుకుంది.

"మొన్న మంగళారం బాగు చేసినా గదా నందినీ?"

"సేసినారు మేడమ్. సోమారం కూడా సేసినారు. మళ్లీ పోయిండాది."

"సాయంత్రం ఇంటికి పోతూనే చూస్తా," అని ఫోన్ పెట్టేసింది. ల్యాబులోకి తిరిగి వస్తే, ఒక అమ్మాయి "మేడమ్, ప్రింటర్ పనిచేయడం లేదు" అంది. సుధారాణి ఆ పిల్లను ఎంత విసురుగా చూసిందంటే, ఆ పిల్ల ఇంకో మాట మాట్లాడకుండా కూర్చుండిపోయింది.

పాడైన పెట్టె కాలేజీలో లేదు. అది పుంగనూరులో, సుధారాణి ఇంట్లో, మధ్య గదిలో బియ్యం డ్రమ్ము పక్కన చెక్క బల్ల మీద ఉంది. కాలేజీవాళ్లు పనికిరాదని పక్కన పడేసిన కంప్యూటర్‌ను అడిగి తెచ్చుకుని, ఆమె దాన్ని రాత్రీపగలూ నడిచే సర్వరుగా మార్చింది. అందులో ఉన్నది రక్తం ఇచ్చేవాళ్ల జాబితా. మదనపల్లె, పుంగనూరు, కుప్పం, మధ్యలోని పల్లెలు అన్నీ కలిపి నాలుగు వందల ముప్ఫై ఏడు పేర్లు.

ఆ జాబితా మొదలైంది మాత్రం ఆమె భర్త మునికృష్ణతో. అతను మదనపల్లె నుంచి కుప్పం పోయే బస్సులో కండక్టరు. ఐదేళ్ల కిందట సుధారాణికి కాన్పు కష్టమై రక్తం కావలసి వచ్చినప్పుడు, ఇద్దరి తరఫు బంధువుల్లో ఒక్కరి గ్రూపూ సరిపోలేదు. మునికృష్ణ మదనపల్లె బస్టాండుకు పరుగెత్తి, కనబడిన బస్సల్లా ఎక్కి, గ్రూపు పేరు చెప్పి అరిచాడు. టమాటా మండీలో పని ముగించుకుని ఊరికి పోతున్న గుమాస్తా ఒకాయన చేతిసంచీతో సహా దిగి వచ్చాడు. రక్తమిచ్చి, పేరన్నా సరిగా చెప్పకుండా తర్వాతి బస్సెక్కి వెళ్లిపోయాడు. తల్లీ బిడ్డా బతికారు. అప్పటినుంచి మునికృష్ణకు అదొక పట్టు అయింది. డిపోలో డ్రైవర్లను, రోజూ ఎక్కే టీచర్లను, మార్కెట్టు మనుషులను అడిగి ఆరు నెలలకొకసారి రక్తదాన శిబిరం పెట్టించేవాడు. శిబిరంలో ఒకసారి రక్తమిచ్చినవాళ్లే జాబితాలో చేరేవాళ్లు. వాళ్ల కాగితాలు భర్త తెచ్చిస్తే భార్య కంప్యూటర్‌లోకి ఎక్కించేది.

మూడు ఊళ్లలోని ఆసుపత్రుల్లో నర్సులు ఇంటర్నెట్‌లో ఆ పేజీ తెరిచి గ్రూపు కొడితే, రక్తమివ్వగలవాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు వస్తాయి. ఒకసారి ఇచ్చినవాళ్లను మూడు నెలలదాకా మళ్లీ పిలవకూడదు. ఆ లెక్క కూడా సర్వరే చూసుకునేది. ఆఖరుసారి ఇచ్చిన తారీఖు నుంచి తొంభై రోజులు గడవనివాళ్ల పేర్లను బయటపెట్టేది కాదు. రెండున్నరేళ్లు ఆ పెట్టె ఎవరినీ సతాయించకుండా నడిచింది. సతాయించడం మొదలుపెట్టింది 2007 జూన్‌లో.

సోమవారం పోయింది వైరు. ఇంటర్నెట్ పెట్టె నుంచి సర్వరుకు వచ్చే తీగ కొసన ఉండే ప్లాస్టిక్ నాలుక విరిగిపోయి, ఊడీ ఊడకుండా వేలాడుతోంది. సుధారాణి ముందు సర్వరును ఆపి మళ్లీ వేసింది, తర్వాత ఇంటర్నెట్ పెట్టెను ఆపి మళ్లీ వేసింది, ఫోన్ లైను చూసింది. గంటన్నర పోయాక గానీ వైరును పట్టుకుని లాగి చూడలేదు. కొత్త కొస బిగించింది. మంగళవారం సాయంత్రం గాలివాన వచ్చి, కరెంటు రెండు గంటలు పోయింది. వచ్చాక సర్వరు బాగానే లేచింది గానీ, ఇంటర్నెట్ కనెక్షన్‌కు కొత్త నంబరు పడింది. బయటి ఊళ్లవాళ్లు పాత నంబరు తలుపే కొడుతున్నారు. అది సరిచేసేసరికి పొయ్యి మీద పాలు పొంగిపోయాయి.

గురువారం, అంటే ఈ మూడో ఫోన్ వచ్చిన రోజు, డిస్కు నిండిపోయింది. సర్వరు తనకు జరిగేదంతా నిమిషనిమిషానికీ ఒక ఫైల్లో రాసుకుంటుంది. ఆ రాత ఎన్నడూ లేనంతగా పెరిగి, ఇంకో అక్షరానికి చోటు లేకుండా చేసింది. ఎందుకు పెరిగిందని సుధారాణి అడగలేదు. కాళ్లు పీకుతున్నాయి, అన్నం వండాలి, కూతురి హోంవర్కు చూడాలి. ఆ ఫైలును చదవకుండానే తుడిచేసింది. పేజీ తెరుచుకుంది. పైన 'మొత్తం దాతలు: 437' అని కనబడింది.

"అయిపోయింది నందినీ, ఇంక ఏమీ కాదు," అని ఫోన్ చేసి చెప్పింది.

"మంచిది మేడమ్," అంది నందిని, నమ్మకం లేకుండానే.

మూడుసార్లూ సుధారాణి అదే పని చేసింది. మొదటి పేజీ తెరిచేది, 437 చూసేది, బాగైపోయిందని చెప్పేది. ఒక్కసారైనా గ్రూపు కొట్టి పేర్లు వస్తున్నాయా లేదా అని చూడలేదు. అవి ఎక్కడికి పోతాయి?

శనివారం పదిన్నరకు నందిని మళ్లీ ఫోన్ చేసింది. ఈసారి ఆమె గొంతులో నీరసం లేదు, తొందర ఉంది.

"మేడమ్, కాంతమ్మని ఈడ పొద్దున కాన్పయింది. రక్తం శానా పోయిండాది. బి నెగిటివ్ కావల్ల. మాతాన ఒక్క సీసా ఉండె, అది ఎక్కించినాం. సాయంత్రం లోపల ఇంకోటి లేకపోతే కష్టం అంటాండాడు డాక్టరు."

"పేజీ తెరుచుకోలేదా మళ్లీ?"

"పేజీ తెరుసుకునింది. ఎవరూ లేరంటాండాది."

"బి నెగిటివ్ మనకు ఆరుమంది ఉండాలే!"

"అదే మేడమ్. నాకు అనుమానమొచ్చి ఓ పాజిటివ్ కొట్టి సూసినా. దానికీ ఎవరూ లేరంటాండాది. ఓ పాజిటివ్ లేకపోవడమేంది మేడమ్, ఊర్లో సగం మంది అదే గదా?"

సుధారాణి ఫోన్ పెట్టేసింది. మదనపల్లె నుంచి పుంగనూరు గంట దారి. ప్రిన్సిపాల్ గదిలోకి పోయి సెలవు అడిగింది కూడా కాదు, చెప్పింది. బస్సులో నిలబడి, దారిపొడుగునా మనసులో చిక్కు విప్పుతూనే ఉంది. వైరు కాదు, పేజీ వస్తోంది. నంబరు కాదు. డిస్కు మొన్ననే ఖాళీ చేసింది. మిగిలింది ఒకటే, పేర్లున్న ఫైలే పాడైపోయి ఉండాలి. డిస్కు నిండినప్పుడు సగం రాసి ఆగిపోయి ఉంటుంది. ఆ ఆలోచన వచ్చాక ఇంకో ఆలోచన ఆమె బుర్రలోకి దూరలేదు.

ఇంటి తాళం తీసి, చెప్పులతోనే మధ్య గదిలోకి వెళ్లింది. స్టూలు లాక్కుని సర్వరు ముందు కూర్చుంది. బి నెగిటివ్ కొట్టింది. 'ఎవరూ లేరు.' ఏ పాజిటివ్. 'ఎవరూ లేరు.' ఎనిమిది గ్రూపులూ కొట్టింది. ఎనిమిదింటికీ అదే మాట. పైన మాత్రం 'మొత్తం దాతలు: 437' అని నిమ్మళంగా ఉంది.

"ఎవరూ లేకపోతే ఆ నాలుగు వందలమందీ ఎవరే?" అని దాన్ని గట్టిగానే అడిగింది.

మూడు వారాల కిందట తీసి పెట్టుకున్న నకలు ఒకటి సీడీలో ఉంది. పాడైన ఫైలు తీసేసి దాన్ని పెడితే సరి అనుకుంది. ఇప్పుడున్న ఫైలును పక్కన దాచిపెట్టి ఆ పని చేయాలని తన విద్యార్థులకు ఏటా చెప్పే మనిషే, ఆ క్షణంలో ఆ పని చేయలేదు. నకలు ఎక్కించింది. 437 కాస్తా 411 అయింది. మూడు వారాల్లో చేరిన ఇరవై ఆరు పేర్లూ, ఆ మూడు వారాల్లో ఎవరెవరు రక్తమిచ్చారో ఆ వివరాలూ పోయాయి. బి నెగిటివ్ కొట్టింది.

'ఎవరూ లేరు.'

అప్పుడే మునికృష్ణ ఫోన్ చేశాడు. మదనపల్లె బస్టాండులో ఉన్నాడు. నందిని అతనికీ చెప్పింది.

"ఏమైంది సుధా? దొరికిందా?"

"దొరకలా బావా. ఏందో తెలీడం లేదు. నకలు కూడా ఎక్కించినా."

"ఇంక ఆ పెట్టెను పక్కన పెట్టు. నేను బస్సులోనే అడుగుతా. వారంనుంచి సూస్తాండా, నువ్వు దానికి చేసిన సేవ మీ అమ్మక్కూడా చేసుండవు."

"నేనేమన్నా కావాలని చేస్తాండానా?" అంది సుధారాణి. కళ్లలో నీళ్లు తిరిగాయి. "నాలుగు వందలమంది పేర్లు నీ బుర్రలో ఉంటాయా? ఉంటే సెప్పు, ఇప్పుడే దీన్ని ఎత్తి బయట పారేస్తా."

"ఒంటిగంటా పదైదుకు బస్సు తీస్తా," అన్నాడు మునికృష్ణ గొంతు తగ్గించి. "రెండున్నరకు పుంగనూర్లో ఉంటా. అంతలోపల ఏదన్నా దొరికితే సూడు."

ఆమె మొహం కడుక్కుని వచ్చి కూర్చుంది. నకలు పూర్తిగా ఎక్కిందో లేదో చూద్దామని ఫైళ్ల వరుస తెర మీదికి తెచ్చింది. ఇంతకు ముందే, పావుగంట కిందట ఆమె చేత్తో ఎక్కించిన ఫైలు అన్నిటికన్నా కొత్తది గనక పైన ఉండాలి. అది అట్టడుగున ఉంది. పక్కన తారీఖు: 2002 జనవరి 5.

సుధారాణి ఆ అంకెల వైపు చాలాసేపు చూసింది. తర్వాత సర్వరును ఇవాళ తారీఖెంత అని అడిగింది. 2002 జనవరి 5 అంది.

ఇంక దేన్నీ వెతకాల్సిన పని లేకపోయింది. పెట్టె లోపల గడియారాన్ని నడిపే, రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటి ఉంటుంది. అది ఎప్పుడో చచ్చిపోయింది. కరెంటు ఉన్నన్నాళ్లూ ఆ సంగతి బయటపడలేదు. కరెంటు పోయినప్పుడు పెట్టెను నడిపే యూపీఎస్ కూడా పాతబడి పది నిమిషాలకే చేతులెత్తేస్తోంది. కరెంటు పూర్తిగా పోయి వచ్చిన ప్రతిసారీ గడియారం వెనక్కి పోయి 2002 జనవరి ఒకటి దగ్గర మొదలవుతోంది. జాబితా మొదలైందే 2004లో. సర్వరు లెక్కలో ఆ నాలుగు వందలమందిలో ఒక్కరు కూడా ఇంకా రక్తమివ్వలేదు, ఇవ్వబోతున్నారు. ఎవరికీ తొంభై రోజులు గడవలేదు. అందుకని ఎవరినీ చూపించలేదు. అన్నీ రాబోయే తారీఖులే కనబడి పేరుపేరుకూ తప్పు రాసుకుంటూ పోయింది, డిస్కు నిండిందీ అందుకే. ఫైలు మొదట్నుంచీ బాగానే ఉంది. పాడు చేసింది తను.

తారీఖు సరిచేసింది. బి నెగిటివ్ కొట్టింది. ఆరు పేర్లు వరుసగా వచ్చి నిలబడ్డాయి. ముగ్గురిది మదనపల్లె, ఒకరిది కలకడ, ఒకరిది పెద్దపంజాణి దగ్గర పల్లె, ఒకరిది పుంగనూరే. పేరు గోవిందస్వామి, బజారులో గుడ్డల కొట్టు. టైము ఒకటిన్నర. సుధారాణి తలుపు దగ్గరగా వేసి, ఆటో కోసం కూడా చూడకుండా నడిచింది.

గోవిందస్వామి కొట్లో జంపఖానా మీద కూర్చుని తుండుగుడ్డలు మడతపెడుతున్నాడు. ఆమె ఆయాసపడుతూ చెప్పిందంతా విన్నాడు.

"ఇచ్చేదానికేమమ్మా, ఇస్తా. కానీ నేను ఇచ్చి ఇరవై దినాలు కూడా కాలేదే! మదనపల్లెలో ఎవరికో యాక్సిడెంటయితే మీ ఆయనే గదా నన్ను పిల్చుకోనిపోయింది? నువ్వే ఫోన్ చేసి ఆ తారీఖు ఎక్కించుకున్న్యావు గూడా."

అవును. తనే ఎక్కించింది. ఆ వివరం ఇప్పుడు లేదు, గంట కిందట తన చేత్తోనే తుడిచేసింది. సుధారాణి ఆ కొట్టు గడప మీద అట్లాగే కూర్చుండిపోయింది. గోవిందస్వామి కంగారుపడి కుండలో నీళ్లు ముంచి ఇచ్చాడు.

"ఇబ్బందేమీ లేకపోతే మళ్లీ తీసుకోమని సెప్పమ్మా, వస్తా."

"తీసుకోరప్పా. మీకు మంచిది కాదు," అని ఆమె లేచింది.

మదనపల్లె నుంచి మునికృష్ణ బస్సు అప్పటికే బయలుదేరిపోయింది, కుప్పం దారిలో మిగిలింది ఒక్క పేరే. సుబ్బలక్ష్మమ్మ. ఇచ్చిన నంబరు ఆమెది కాదు, ఆ పల్లెలో గురప్ప అనే ఆయన అంగడిది. సుధారాణి బజారులో నిలబడే ఫోన్ చేసింది. గురప్ప ఎత్తాడు.

"సుబ్బలక్ష్మమ్మా? టమాటా తోటలో ఉంటాది. ఇప్పుడు యాడ దొరుకుతాది?"

"అప్పా, ఒకరి ప్రాణానికి వచ్చిండాది. ఎవరినన్నా పంపించి పిలిపించు. కుప్పంలో బాలింతకు రక్తం కావల్ల."

"రక్తమా?" అన్నాడు గురప్ప. "ఉండు, నేనే పోతా." ఫోన్ పెట్టేసిన చప్పుడైంది. పావుగంట గడిచింది. ఇరవై నిమిషాలు. సుధారాణి ఫోన్‌ను చేతిలో పట్టుకుని బస్టాండు వైపు నడుస్తూ, ప్రతి పది అడుగులకూ దాని మొహం చూసింది. ఇరవై ఐదో నిమిషానికి మోగింది.

"ఎవరమ్మా?" అంది ఒక ఆడగొంతు, రొప్పుతూ. "నన్నేనా పిల్చింది? రెండేండ్లాయె, ఒకసారి రక్తం తీసుకుని పేరు రాసుకున్న్యారు, మళ్లీ ఎవరూ పిలవలా. నా రక్తం మంచిది కాదేమో అనుకున్న్యా."

"బంగారమక్కా అది. అట్లాంటిది శానా తక్కువ మందికుంటాది. కుప్పం బస్సు ఇంకో ముప్పావుగంటలో మీ రోడ్డు మీదికొస్తాది. ఆడికి రాగలవా? అన్నం తిన్న్యావా?"

"పన్నెండుకే సంగటి తిన్న్యా. వస్తా," అంది సుబ్బలక్ష్మమ్మ. ఎంతమందికో ఎన్నిసార్లో చెప్పి బతిమాలాల్సి వస్తుందనుకున్న సుధారాణి, వెంటనే మునికృష్ణకు ఫోన్ చేసి ఆ పల్లె రోడ్డు దగ్గర బస్సు ఆపమంది.

మునికృష్ణ బస్సు రెండూ నలభైకి వచ్చింది. సుధారాణి ఎక్కింది. అతను కిటికీ పక్క సీటు చూపించి టికెట్లు కొట్టుకుంటూ వెనక్కి పోయాడు. కూతురిని పక్కింటివాళ్లు చూసుకుంటారని మళ్లీ ముందుకు వచ్చినప్పుడు చెప్పాడు. పెద్దపంజాణి దగ్గర స్టాపు లేని చోట బస్సు ఆగితే, ముందు సీట్లో పంచె కట్టుకున్న పెద్దాయన ఒకరు "ఈడ యాల ఆపినారప్పా?" అని గొణిగాడు. సుబ్బలక్ష్మమ్మ గురప్ప సైకిలు వెనకనుంచి దిగి, పరుగు నడకతో వచ్చి ఎక్కింది. నలభై ఐదేళ్లుంటాయి. చేతులు టమాటా ఆకుల పసరుతో మోచేతులదాకా పచ్చగా ఉన్నాయి, కడుక్కున్నా పోలేదు. కాళ్లకు తడిమట్టి. సుధారాణి పక్కన కూర్చుని, కొంగుతో మొహం తుడుచుకుని, "బిడ్డ బాగుండాడా?" అని అడిగింది.

"ఎవరి బిడ్డక్కా?"

"ఆ బాలింత బిడ్డ."

ఆ సంగతి సుధారాణి నందినిని అడగనే లేదు. పొద్దున్నుంచీ ఆమె తలలో ఫైళ్లు తప్ప బిడ్డ లేదు. ఫోన్ చేసి అడిగింది. ఆడబిడ్డ, బాగుంది. ఆ మాట చెబితే సుబ్బలక్ష్మమ్మ తలూపి, కిటికీకి ఆనుకుని నిద్రపోయింది.

కుప్పం చేరేసరికి ఐదూ నలభై. నందిని ఆసుపత్రి గేటు దగ్గరే నిలబడి ఉంది. పరీక్షలు, సరిపోల్చడాలు అయ్యేసరికి ఇంకో గంట పట్టింది. కాంతమ్మ భర్త గోడవారన గొంతుకూర్చుని ఉన్నాడు. లోపలికి పోయే ప్రతి మనిషినీ తలెత్తి చూస్తున్నాడు. ఎనిమిది కావస్తుండగా డాక్టరు బయటికి వచ్చి, ఇక భయం లేదన్నాడు. సుబ్బలక్ష్మమ్మ బెంచీ మీద బిస్కెట్లు తింటూ కాంతమ్మ భర్తతో, "నీ భార్యకు ఆకుకూరలు పెట్టు. నల్లబెల్లం పెట్టు. ఊరికే ఏడుస్తా కూర్చోవద్దు," అని చెబుతోంది.

సుధారాణి నందినికి జరిగిందంతా చెప్పింది. బ్యాటరీ సంగతి, తారీఖు సంగతి, నకలు ఎక్కించి తను చేసిన తప్పు కూడా. నందిని వింటూనే ఆసుపత్రి చీటీల కట్టను వేళ్లతో సర్దింది.

"అయితే మేడమ్, ఇది ఎన్ని దినాల్నుంచి అట్ల సెప్తాండాది?"

"తెలీదు. చూడల్ల. ఎందుకు?"

"పేజీ తెరుసుకోకపోతే మీకు ఫోన్ సేస్తాండా. తెరుసుకుని ఎవరూ లేరంటే, లేరేమో అనుకుంటి. ఈ పది దినాల్లో నేనే ముగ్గురికి లేదని సెప్పి పంపించినా."

వారమంతా సుధారాణి వైర్లు మార్చింది, నంబర్లు మార్చింది, చెత్త తుడిచింది. అంతసేపూ ఆ పెట్టె పక్కన కూర్చునే ఉంది. అది మాత్రం వచ్చిన ప్రతివారికీ శ్రద్ధగా అబద్ధం చెబుతూ పోయింది.

మర్నాడు ఆదివారం పొద్దున్నే కొత్త బ్యాటరీ వేసింది. ఎవరెవరు ఎప్పుడు ఏ గ్రూపు వెతికారో సర్వరు వేరే ఫైల్లో రాసుకుంటుంది. అదృష్టం కొద్దీ దాన్ని ఆమె తుడవలేదు. తెరిచి చూస్తే, జూన్ పన్నెండు తర్వాతి వరుస ఒక్కసారిగా 2002లోకి పడిపోయింది. ఆ రోజు కూడా గాలివానకు కరెంటు పోయిన సంగతి గుర్తొచ్చింది. అక్కడినుంచి లెక్కపెట్టింది. తను కొట్టి చూసినవీ, కాంతమ్మ రోజున నందిని కొట్టినవీ తీసేస్తే, పదకొండు రోజుల్లో పందొమ్మిదిసార్లు, మూడు ఊళ్ల నుంచి రక్తం అడిగారు. పందొమ్మిదిసార్లూ ఎవరూ లేరంది.

మునికృష్ణకు ఆ రోజు సెలవు. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఆసుపత్రులకు ఫోన్లు చేశారు. కొందరు నర్సులు విసుక్కున్నారు. ఒకామె, "ఇప్పుడెందుకు మేడమ్ అవన్నీ?" అంది. సుధారాణి పట్టు వదల్లేదు. సాయంత్రానికి పద్దెనిమిదిమంది సంగతి తెలిసింది. పదకొండుమందికి బంధువులే ఇచ్చారు. ఐదుగురిని వేలూరికో బెంగుళూరికో తీసుకుపోయారు, నయమైంది. ఇద్దరికి చివరికి రక్తం అవసరం పడలేదు. పందొమ్మిదో మనిషి యశోదమ్మ, కలకడ. ఏ నెగిటివ్. మదనపల్లెలో గర్భసంచి ఆపరేషన్ కోసం చేరి, రక్తం దొరకదనగానే ఆ పూటే ఇంటికి వెళ్లిపోయింది. తర్వాత ఏమైందో ఆ నర్సుకు తెలియదు.

"పోయి సూసొద్దామా?" అన్నాడు మునికృష్ణ.

"పోయి ఏమని చెప్పేది?"

"జరిగింది సెప్తాం. ఇంకేం సెప్తాం?"

మర్నాడు కలకడలో యశోదమ్మ ఇల్లు వెతుక్కుంటూ పోయేసరికి ఆమె పంచలో చాప మీద పడుకుని ఉంది. పెదాలు పాలిపోయి ఉన్నాయి. లేచి కూర్చోవడానికి గోడ పట్టుకుంది. కోడలు మంచినీళ్లు తెచ్చిచ్చింది. సుధారాణి ఏమీ దాచకుండా చెప్పింది. జాబితాలో ఏ నెగిటివ్ వాళ్లు నలుగురున్నారని, అందులో ఇద్దరిది మదనపల్లేనని, ఆ రోజు వాళ్లను పిలిచి ఉంటే వచ్చేవాళ్లని, తన మిషను తప్పు చెప్పిందని.

యశోదమ్మ ఆమెను పైనుంచి కిందిదాకా చూసింది.

"పన్నెండు దినాలాయె. లేసి కుండెడు నీళ్లు మోయలేకుండా ఉండా. నా కొడుకు మళ్లీ ఆసుపత్రికి పోదామంటే, ఊరూరా వెతికినా ఎవరూ లేరంట, ఇంక పోయి ఏం సేస్తామని నేనే వద్దంటి. మీ మిషన్ను నేను సూడలా. మీ మాట నమ్మినా."

"తప్పయిపోయిందమ్మా."

"తప్పయిపోయింది," అని యశోదమ్మ ఆ మాటనే తిరిగి అంది. క్షమించినట్టూ లేదు, తిట్టినట్టూ లేదు. "లేదని సెప్పేముందు మనిషినొకరిని అడిగి సెప్పుంటే బాగుండు. ఇంక ఆ సంగతి వదిలెయ్. ఎప్పుడు రమ్మంటావు?"

సుధారాణి అక్కడే కూర్చుని మదనపల్లెలోని ఇద్దరికీ ఫోన్ చేసింది. ఇద్దరూ వస్తామన్నారు. ఆసుపత్రికి ఫోన్ చేసి గురువారానికి మాట్లాడింది. యశోదమ్మ ఆ రోజు పేరు కోడలిచేత రెండుసార్లు చెప్పించుకుంది.

తిరుగు బస్సులో సుధారాణి పేజీలో ఏం మార్చాలో ఒక పాత టికెట్టు వెనక రాసుకుంది. 'ఎవరూ లేరు' అన్న మాట తీసేయాలి. పేర్లు రాకపోతే, 'పేర్లు కనబడడం లేదు, వెంటనే ఫోన్ చేయండి' అని తన నంబరూ, మునికృష్ణ నంబరూ రావాలి. రోజూ పొద్దున కాలేజీకి పోయేముందు ఒక గ్రూపు కొట్టి చూడాలి. పోయిన ఇరవై ఆరుమందికీ మళ్లీ కాగితాలు రాయించాలి. మునికృష్ణ పాత కాగితాల్లో తొమ్మిదింటిని డిపోలో తన పెట్టెలో వెతికి పట్టుకున్నాడు, మిగతావి దొరకలేదు.

గురువారం సుధారాణి కాలేజీకి సెలవు పెట్టి ఆసుపత్రికి వెళ్లింది. రక్తమిచ్చేవాళ్లిద్దరూ తొమ్మిదికే వచ్చి కూర్చున్నారు. యశోదమ్మను స్ట్రెచర్ మీద లోపలికి తీసుకుపోతున్నప్పుడు, ఆమె తల తిప్పి వాళ్లిద్దరి మొహాలూ ఒకదాని తర్వాత ఒకటి చూసుకుంది. సుధారాణి వైపు చూడలేదు. ఆపరేషన్‌కు రెండు గంటలు పట్టింది. సుధారాణి ఆ రెండు గంటలూ కోడలి పక్కన బెంచీ మీదే కూర్చుంది. బాగా జరిగిందని డాక్టరు చెప్పాక, కోడలిచేత కాఫీ తాగించి, ఆ ఇద్దరు దాతల పేర్ల ముందు ఆ రోజు తారీఖు రాసుకోవడానికి పుంగనూరు బస్సెక్కింది.